డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు: చిన్న మాత్ర వెనుక ఒక జీవితం



భద్రాచలంలోగాని, కొత్తగూడెంలోగాని, ఖమ్మంలోగాని ఏ మందుల షాపుకు వెళ్ళినా, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయిన ఎవరో ఒక తల్లి డాక్టరు రాసిన చీటీ పట్టుకొని నిలబడి ఉంటుంది. ఆ చీటీలో తరచుగా రెండు పేర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మాత్ర అది. రెండవది ఫోలిక్ యాసిడ్. విచిత్రమేమంటే ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలిచేవి. ఫోలిక్ యాసిడ్ శరీరంలోని కణాలకు ఆహారం. మెథోట్రెక్సేట్ ఆ ఆహారం అందకుండా అడ్డుపడేది. కీళ్ళ జబ్బుకు ఒకటిస్తూ, దాని చెడు ప్రభావం తగ్గించడానికి రెండవది ఇస్తారు.

ఈ రెండు మందులూ తయారైనది ఒకే ప్రయోగశాలలో. ఆ ప్రయోగశాలలో పరిశోధన నడిపించినవారు మన తెలుగువారు, డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు కాన్సరు పేరు వినని కుటుంబం లేదు. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా కొత్తగా కాన్సరు సోకేవారి సంఖ్య 14 లక్షలు దాటింది. స్త్రీలలో రొమ్ము కాన్సరు, గర్భాశయ ముఖద్వార కాన్సరు ముందున్నాయి. బీడీ, గుట్కా, ఖైనీ వలన నోటి కాన్సరు పెరుగుతూనే ఉంది. ఇటువంటి కాలంలో, ఈ రోగంతో మందు పోరాడగలదని లోకానికి తొలిసారి ఆశ కలిగించినవారిలో ఒకరైన ఈ మహనీయుని జీవితం మన కుటుంబాలకు తెలియాలి.

మన భద్రాచలం దాటిన గోదావరి పాపికొండల నడుమ ఒదిగి ప్రవహించి రాజమండ్రి చేరుతుంది. ఆ రాజమండ్రిలోనే సుబ్బారావుగారు బడికి వెళ్ళారు. ఆయన పుట్టినది పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో, 1895 జనవరి 12న. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ఆయన ఉద్యోగం ముందే ముగిసింది. ఇంట్లో పేదరికం నిలిచిపోయింది.

గొప్పవారు పుట్టుకతోనే తెలివైనవారని మనం పిల్లలకు చెబుతుంటాం. సుబ్బారావుగారి బాల్యం అలా లేదు. చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయలుదేరారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడవసారి మద్రాసులో గట్టెక్కారు. భర్త పోయిన తరువాత కూడా ఆ తల్లి పట్టు వదలలేదు. కొడుకు చదువు కోసం మెడలోని బంగారాన్ని సైతం వదులుకున్నదని ఆయన జీవితకథ చెబుతోంది. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి పనికిరానివాడని తేల్చే తల్లిదండ్రులు ఈ తల్లిని ఒకసారి తలచుకోవాలి.

యౌవనంలో ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరి సేవ చేయాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. రోగులకు చేసే సేవ కూడా సేవేనన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి గాంధీగారు విదేశీ వస్త్రాలు విడిచిపెట్టమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టిన కోటు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. శస్త్రచికిత్స నేర్పే తెల్లదొర ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఆయన చేతికి వచ్చినది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. దానితో సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఒక ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఇంతలో ఇంటి మీద దెబ్బ పడింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. వారిని తీసుకుపోయినది స్ప్రూ అనే జబ్బు. మన పెద్దలు సంగ్రహణి అంటారు. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం తగ్గిపోతుంది. మనిషి ఎండిపోయి రాలిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుగారికీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. వైద్యం చదివి కూడా అన్నదమ్ములను కాపాడుకోలేని ఆ నిస్సహాయతను మరచిపోవడం ఎవరికైనా కష్టమే. ఆ జబ్బుకు కారణమేమిటో, మందేమిటో అప్పటి పుస్తకాలలో లేదు. ఆయన ఆ తరువాత వెతికినది ఆ పుస్తకాలలో లేనిదానినే.

1919లో ఆయనకు శేషగిరిగారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆయన అమెరికా ప్రయాణానికి అండగా నిలిచారు. 1920ల తొలి ఏళ్ళలో ఓడ దిగి బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణదేశపు రోగాల శాస్త్రం చదివారు. ఇండియాలో సంపాదించిన డాక్టరు చదువు అక్కడ వైద్యం చేయడానికి పనికిరాలేదు. పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేశారు. రోగుల మలమూత్రాల పళ్ళాలు ఎత్తి కడిగారు. పగలు చదువు, రాత్రి ఆ పని. సేవ చేయాలని మఠం వెతికిన యువకునికి సేవ ఆ రూపంలో దొరికింది.

తరువాత హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు నేటికీ నేర్చుకుంటారు. కండరం పని చేయడానికి శక్తి ఎక్కడినుండి వస్తుందో వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీశారు. మనం చేయి ఎత్తినా, మోకరిల్లినా, ఊపిరి పీల్చినా ఖర్చయ్యే శక్తి ఆ ఏ.టి.పి. రూపంలోనే ఉంటుంది. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళిపోయారు. త్వరలోనే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఇక్కడ కథ కొంచెం వెనక్కి, మన దేశానికి రావాలి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలను పరీక్షించారు. వారి రక్తం నీరైపోయేది. ఈస్టు నుండి తీసిన సారం తినిపిస్తే వారు కోలుకున్నారు. అందులో ఏదో పోషకం ఉన్నదని 1931లో ఆమె ప్రకటించారు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి అదే జాతి పదార్థాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే మాటను బట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్ పూజ విన్న మన పెద్దలకు ఆ భాష ధ్వని గుర్తుండే ఉంటుంది. కాని టన్నుల కొద్దీ ఆకు ఉడికించినా చిటికెడు కూడా రాని మందు ఎందరికి అందుతుంది?

ఆ పనిని సుబ్బారావుగారి బృందం తలకెత్తుకున్నది. 1945లో దానిని ప్రయోగశాలలో రసాయనాలనుండి తయారుచేసి చూపించారు. అప్పటినుండి అది చౌకగా, కావలసినంత దొరికింది. ఏ సంగ్రహణి తన అన్నదమ్ములను తీసుకుపోయిందో ఆ జబ్బుతో మంచాన పడినవారికి ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఒంటికి రక్తం పట్టింది. తన ఇంట రెండు శవాలు లేచిన సుమారు పాతికేళ్ళకు, ఆయన చేతి మీదుగా ఆ మందు లోకానికి అందింది. అది ఆయన అన్నదమ్ములకు దక్కలేదు. ఇతరుల అన్నదమ్ములకు దక్కింది.

అదే కాలంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు సోకిన పసివారిని చూస్తూ ఉన్నారు. అప్పుడు ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాలలోనో, కొద్ది నెలలలోనో చనిపోయేవారు. చేయడానికి ఏమీ ఉండేది కాదు. ఫోలిక్ యాసిడ్ జాతి మందు ఇచ్చి చూస్తే, కొందరిలో రోగం తగ్గకపోగా ఇంకా త్వరగా పెరిగినట్టు ఫార్బర్ గమనించారు. అప్పుడు ఆయనకు తోచిన ఆలోచన సూటిగా ఉంది. ఈ పోషకంతో కాన్సరు కణాలు బలిసిపోతుంటే, అది వాటికి అందకుండా చేస్తే? ఫోలిక్ యాసిడ్‌లాగే కనబడుతూ కణాన్ని మోసగించి, పోషణ ఇవ్వకుండా దాని స్థానంలో కూర్చునే పదార్థం కావాలి. తాళంచెవిలాగే ఉండి తాళంలో ఇరుక్కుపోయి, అసలు చెవిని లోపలికి పోనీయని దొంగ చెవి లాంటిది. సుబ్బారావుగారి ప్రయోగశాల అటువంటి పదార్థాలను తయారుచేసి బోస్టనుకు పంపింది. అందులో ఒకటి అమైనోప్టెరిన్. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. మందు ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి రోగం కొంతకాలం వెనక్కి తగ్గింది. అది శాశ్వతమైన నయం కాదు. కాని మంచం మీదనుండి లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు. రక్త కాన్సరును మందుతో వెనక్కి నెట్టవచ్చునని వైద్యలోకం తెలుసుకున్నది.

ఆ తరువాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. మళ్ళీ స్వదేశం చూడలేదు. ఇక్కడ ఎదురుచూసిన భార్య శేషగిరిగారు ఆయనను మళ్ళీ కలుసుకోలేదు. ఈ విషయాన్ని గొప్పతనం కింద కప్పిపెట్టనక్కరలేదు. పిల్లలకు ఊపిరి పోసిన ఆ పరిశోధన వెనుక ఒక స్త్రీ పాతికేళ్ళ ఒంటరితనం కూడా ఉంది. ఉపకారుల పేర్లు రాసేటప్పుడు ఆమెను కూడా తలచుకోవడం న్యాయం.

ఆయన పనిలో ఇంకొన్ని చెప్పాలి. గోదావరి డెల్టాలో ఎందరినో బాధించిన బోదకాలు జబ్బుకు డి.ఇ.సి. మాత్ర ఆయన ప్రయోగశాలనుండే 1947లో వచ్చింది. ప్రభుత్వం ఇంటింటికీ పంచుతున్నది దానినే. ఆయన ఆధ్వర్యంలోనే, బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అనే మందును మట్టిలోని జీవులనుండి వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అడవిలో పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి నేడు మన డాక్టర్లు ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే. చర్ల, దుమ్ముగూడెం అడవి ఊళ్ళలో జ్వరంతో పడి లేచినవారు ఆయన పేరు విని ఉండకపోవచ్చు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

సుబ్బారావుగారు పోయిన తరువాత ఆ మందు నేర్పిన ఒక పాఠం మన కుటుంబాలకు చాలా అవసరం. 1956లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు, మాయనుండి పుట్టే ఒక కాన్సరుకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. గర్భిణీ స్త్రీ మూత్ర పరీక్షలో కనబడే హెచ్.సి.జి. అనే హార్మోనును ఈ కణితి కూడా విడుదల చేస్తుంది. మందు పడగానే కణితి మాయమయ్యేది. ఎక్స్‌రేలో ఏమీ కనబడేది కాదు. అందరూ చాలనుకున్నారు. కాని హార్మోను ఇంకా కొద్దిగా కనబడుతూనే ఉన్నదని, అది పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టారు. ఆ పట్టుదలకు ఆయన ఉద్యోగం పోయింది. తరువాత చూస్తే, ఆయన చెప్పినట్టు పూర్తిగా వైద్యం పొందిన స్త్రీలకు రోగం తిరిగి రాలేదు. 1972లో ఆయనకు లాస్కర్ పురస్కారం లభించింది. గర్భంలో బిడ్డకు బదులు ద్రాక్షగుత్తివంటి నీటిబుడగలు ఏర్పడితే, తరువాత కొన్ని నెలలపాటు ఈ హార్మోను పరీక్షకు తప్పక రమ్మని డాక్టర్లు చెప్పేది అందుకే.

తగ్గినట్టు కనబడడం వేరు, తగ్గడం వేరు. పసిపిల్లల రక్త కాన్సరులో ఎక్కువగా కనబడే రకానికి నేడు సంపన్న దేశాలలో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. వైద్యం రెండు, మూడు ఏళ్ళు సాగుతుంది. అందులో వారం వారం వేసే మెథోట్రెక్సేట్ ఒక భాగం. కొన్ని నెలలకే బిడ్డకు కళ వస్తుంది. ఆకలి వేస్తుంది. అప్పుడు దూరపు పల్లెలోని తల్లిదండ్రులు, బిడ్డ బాగానే ఉన్నాడు కదా, మళ్ళీ హైదరాబాదు ఎందుకు, బస్సు చార్జీలు ఎక్కడివి, కూలి పోతుందని ఆగిపోతారు. కొందరు నాటువైద్యానికో, మొక్కులకో మళ్ళుతారు. మన దేశంలో బతకవలసిన పిల్లలు పోవడానికి ఉన్న కారణాలలో వైద్యం మధ్యలో మానడం ఒకటి. ప్రార్థన మానవద్దు. మందూ మానవద్దు. మంచి సమరయుడు గాయపడినవాని కోసం ప్రార్థించి వెళ్ళిపోలేదు. సత్రానికి చేర్చి ఖర్చు కట్టి, తిరిగి వస్తానని మాట కూడా ఇచ్చాడు.

ఇక గర్భస్థ శిశువు సంగతి. బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. చాలామంది స్త్రీలకు అప్పటికి గర్భమన్న సంగతే తెలియదు. ఫోలిక్ యాసిడ్ తక్కువైతే ఆ నాళం సరిగా మూసుకోని ప్రమాదం పెరుగుతుంది. అటువంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు గర్భానికి ముందునుండే ఈ మందు ఇస్తే, మళ్ళీ అలా జరిగే ప్రమాదం సుమారు 70 శాతం తగ్గినట్టు 1991లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధన చూపింది. స్కానింగు లోపాన్ని చూపగలదు. సుబ్బారావుగారి మాత్ర దానిని చాలావరకు రాకుండా ఆపగలదు. కాబట్టి కొత్తగా పెళ్ళయిన మన ఆడపిల్లలు గర్భం కోసం చూసే రోజులనుండే డాక్టరునో, ఏ.ఎన్.ఎం.నో అడిగి ఈ మాత్ర మొదలుపెట్టాలి. తోటకూర, పాలకూర, పప్పు వండుకోవడం కూడా అందులో భాగమే.

ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. ఆ రోగులకూ డాక్టర్లు రోజూ ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. భార్యాభర్తలిద్దరూ ఆ జన్యువును మోస్తుంటే, ప్రతి కానుపులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వివాహ సిద్ధపాటుకు వచ్చే యువతీయువకులు ముందే రక్తపరీక్ష చేయించుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. నేడు తల్లి రక్తపు చుక్కలోనే కడుపులోని బిడ్డ జన్యువుల జాడ వెతికే పరీక్షలు కూడా వచ్చాయి.

ఇక్కడ ఒక మాట తప్పదు. తత్త్వశాస్త్ర తరగతిలో మాకు మొదట నేర్పేది, ఒక పని మంచిచెడ్డలు తేల్చాలంటే దానిని ఏ ఉద్దేశంతో, ఏ మార్గంలో చేస్తున్నారో చూడాలని. రక్త కాన్సరు పిల్లలకు ఊరట ఇచ్చిన అమైనోప్టెరిన్‌నే 1950 ప్రాంతంలో గర్భస్రావానికి వాడి చూశారు. గర్భం పోకుండా నిలిచిన కొందరు శిశువులు తల, ముఖం వికృతమై పుట్టారు. తరువాత ఆ వాడుక తగదని వైద్యులే హెచ్చరించారు. నేటికీ మెథోట్రెక్సేట్ వాడే స్త్రీ గర్భం విషయం డాక్టరుకు ముందే చెప్పాలి. పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. బిడ్డను సిద్ధంగా స్వీకరించడానికి, పుట్టగానే వైద్యం అందించడానికి చేసే పరీక్షను శ్రీసభ కాదనదు. లోపమున్నదని ఆ బిడ్డకు మరణశిక్ష రాయడానికి చేసే పరీక్షను ఒప్పుకోదు. ఆడబిడ్డా మగబిడ్డా అని చెప్పడాన్ని మన దేశపు చట్టమే 1994లో నిషేధించింది.

సుబ్బారావుగారు మన శ్రీసభ సభ్యులు కారు. ఆయన పుట్టిన ధర్మం వేరు. అయినా పడిపోయినవాణ్ణి చూసి ఆగినవాడెవడని ప్రభువు అడిగిన ప్రశ్నకు ఆయన జీవితం సమాధానమిస్తుంది. మన వంతుగా ప్రతి విచారణలోను విన్సెంట్ డి పాల్ సభవారు, మఠకన్యలు, యువకులు కలిసి ఒక్క పని చేయవచ్చు. కాన్సరు వైద్యం జరుగుతున్న బిడ్డ మన ఊళ్ళో ఉంటే, వచ్చే నెల ఆసుపత్రికి వెళ్ళే తేదీ ఆ తల్లిని అడిగి తెలుసుకోండి. బస్సు చార్జీ, అక్కడ రెండు రోజుల తిండి ఖర్చు ఆ తేదీకి ముందే చేతిలో పెట్టండి. ఆరోగ్యశ్రీ కార్డు పనులలో తోడు వెళ్ళండి. చివరి మాత్ర అయ్యేదాకా ఆ కుటుంబాన్ని వదలవద్దు.

డాక్టర్ సుబ్బారావుగారికి, ఆయన కోసం ఎదురుచూసిన శేషగిరిగారికి సర్వేశ్వరుడు నిత్యశాంతి అనుగ్రహించునుగాక.